శుక్రవారం జ్వరాలు

నల్లగండ్ల, హైదరాబాద్
జూన్, రెండో ఆదివారం

చిరంజీవి సుబ్రహ్మణ్యానికి మీ బావ విశ్వేశ్వరరావు దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం, మీ అక్కయ్య కోపం తప్ప. మొన్న ఫోనులో మనిద్దరం వేసిన కేకలకు పక్క ఫ్లాటు కుర్రాడు తలుపు కొట్టి, "అంకుల్, అంతా ఓకేనా?" అని అడిగి వెళ్ళాడు. దాంతో ఆవిడ తీర్పు చెప్పేసింది. ఇకమీదట బావా బావమరుదులు ఫోనులో మాట్లాడుకోకూడదు, ఏమున్నా కాగితం మీద రాసుకోవాలి. రాస్తే బీపీ పెరగదట, పెరిగినా పక్కవాళ్ళకి వినపడదట. నాకూ ఇదే నయం. ఉద్యోగమంతా గణాంక శాఖలో చేసినవాణ్ణి. నోటిమాటకి ఫైలు నంబరుండదు.

విషయానికొస్తాను. రాజేశ్వరి టాకీసుని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టిస్తానని నువ్వన్న మాట నాకు ముద్ద దిగనివ్వడం లేదు. వరసగా మూడు సినిమాలు పోయాయన్నావు, నిజమే. కానీ ఆ బోర్డు మీదున్నది మీ అక్కయ్య పేరయ్యా! పెళ్ళయిన కొత్తలో మీ నాన్నగారు నన్ను మండపేట బస్టాండులో దింపుకొని ఇంటికి కాదు, ముందు టాకీసుకి తీసుకెళ్ళారు. పెళ్ళాం పేరు ట్యూబ్‌లైట్లతో వెలిగిపోతుంటే చూసిన మగవాణ్ణి జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ బోర్డు దించి అక్కడ 'ఏసీ, నాన్ ఏసీ, పార్కింగ్ కలదు' అని పెడితే నేను భరించలేను.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఏ సినిమా ఆడుతుందో ఏది ఆడదో ముందే లెక్కగట్టే మోడల్ ఒకటి తయారు చేస్తున్నాను. మా అమ్మాయి ఉమాశ్రీ రాయదుర్గం ఆఫీసులో చేసేది ఇలాంటి పనేనట, అక్కడ సినిమాల బదులు సబ్బులు. అది ఆదివారాలు కూచోబెట్టి కంప్యూటర్ నేర్పింది. గత పదేళ్ళ సినిమాలు, హీరో, నెల, పాటలు, ట్రైలర్ ఎంతమంది చూశారు, అన్నీ ఎక్కించాను. మొదట కొంచెం ఇబ్బంది పెట్టింది. సినిమా నిడివి తగ్గేకొద్దీ వసూళ్ళు పెరుగుతాయని చెప్పింది. ఆ గీత అలాగే పొడిగిస్తే అసలు సినిమానే లేకపోతే కోట్లకి కోట్లు వస్తాయని తేలింది. అది సరిచేశాను. తరవాత హీరో లుంగీ కడితే సినిమా ఆడుతుందంది. అది ఉంచాను.

దసరా దాకా ఆగు. ఆలోపు నా లెక్కతో ఒక్క సినిమా ఆడించి చూపిస్తాను. ఆడకపోతే ఫంక్షన్ హాలు ప్రారంభోత్సవానికి రిబ్బను నేనే పట్టుకుంటాను.

ఇట్లు,
విశ్వేశ్వరరావు


మండపేట
జూన్ నెలాఖరు

పూజ్యులైన బావగారికి సుబ్రహ్మణ్యం నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా ఆవిడ, "మీ బావగారు రాశారా, కలెక్టరాఫీసు నించి నోటీసా?" అని అడిగింది. ఫైలు నంబరొక్కటే తక్కువండీ.

లుంగీ సంగతి చదివి గేటు దగ్గర కుర్రాళ్ళు నవ్వలేక చచ్చారు. పోయిన మూడు సినిమాల్లో రెండిట్లో హీరోకి లుంగీయే! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ మోడల్. అయినా మీ మాట తీసెయ్యలేను. నా కష్టం కూడా మీకు తెలియాలి కదా. జనం ఫోనుల్లో సినిమాలు చూస్తున్నారు. నాన్నగారి కాలం కుర్చీలు కుయ్యోమంటున్నాయి. మొన్న ఒకాయన ఇంటర్వెల్‌లో వచ్చి, "హీరోయిన్ మాట్లాడినప్పుడల్లా నా కుర్చీ జవాబిస్తోందండీ" అని కంప్లయింటు. క్యాంటీన్‌లో సమోసాలు నేనే తింటున్నాను.

ఫంక్షన్ హాలుకి అడుగుతున్నాయన పేరు ఉదయ్ భాస్కర్. రావులపాలెంలో రెండు హాళ్ళున్నాయి, క్యాటరింగు కూడా ఆయనదే. మంచివాడే, కానీ ఎప్పుడూ నవ్వడు. జేబులో టేపు పెట్టుకొని తిరుగుతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడ కొలిచేస్తుంటాడు. ఈ నెలలోనే మాట ఇచ్చేద్దామనుకున్నాను. మీరన్నారు కాబట్టి దసరా దాకా ఆగుతాను. అంతకుమించి ఆగలేనండి. ఇంటి సామాన్ల మీద అప్పుడే ఆయన కన్ను పడింది, మా భోజనాల బల్ల కూడా కొలిచి వెళ్ళాడు.

జూలై మూడో శుక్రవారం ఒక సినిమా వస్తోంది. పోలీసు కథ. అది ఆడుతుందో లేదో మీ మోడల్‌ని అడిగి చెప్పండి. చూద్దాం మీ ముచ్చట.

అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పండి. చెప్పకపోయినా ఈ ఉత్తరం ఆవిడే ముందు చదువుతుందని నాకు తెలుసు.

మీ
సుబ్రహ్మణ్యం


నల్లగండ్ల
జూలై, రెండో వారం

చిరంజీవి సుబ్రహ్మణ్యానికి,

నవ్వు, బాగా నవ్వు. పోలీసు సినిమా తీసుకో. మొదటి వారం ఢోకా లేదు. ఎలా చెబుతున్నానో విను. ఇది నువ్వు, నేను, ఇంకో నలుగురు తప్ప ఎవరికీ తెలియని రహస్యం.

లుంగీలు, ట్రైలర్లు అన్నీ పక్కన పెట్టాను. మొన్నొక మంగళవారం భోజనాల దగ్గర ఉమాశ్రీ తల పట్టుకుంది. "నాన్నా, ఈ శుక్రవారం మా టీములో సగంమందికి జ్వరం" అంది. నేను జాలిపడి, పాపం, ఇప్పుడెలా ఉంది వాళ్ళకి అన్నాను. "ఇంకా రాలేదు. శుక్రవారం వస్తుంది" అంది.

సుబ్రహ్మణ్యం, ఆ క్షణంలో నా ఒళ్ళు జల్లుమంది. మంగళవారం నాడే శుక్రవారం జ్వరం వస్తుందని తెలిసిన జనం ఈ హైటెక్ సిటీలో లక్షల్లో ఉన్నారు! ఆ శుక్రవారం ఏ సినిమా వచ్చిందో చూశాను. పెద్ద హిట్టు. అంతకు ముందు నెల ఫ్లాపైన సినిమా వారంలో ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. ఉమాశ్రీ టీములో మమత అనే పిల్ల ఉంది. సినిమా బాగుంటుందనుకుంటే జ్వరం పెడుతుంది, చాలా బాగుంటుందనుకుంటే నాయనమ్మని చంపుతుంది. ఆ నాయనమ్మ ఇప్పటికి మూడుసార్లు పోయింది, మూడూ సూపర్ హిట్లే. దీనికి 'జ్వరాల సూచీ' అని పేరు పెట్టాను.

ఒక్క ఆఫీసు చాలదు కదా, శాంపిలు పెద్దది కావాలి. మా అపార్ట్‌మెంట్ వాకింగ్ ట్రాక్ మీద నాలాంటి రిటైరైనవాళ్ళు ఇంకో నలుగురున్నారు. అందరి పిల్లలూ గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో టీములు నడిపేవాళ్ళే. సోమవారం రాత్రి ఒక్కొక్కరు ఇంట్లో మాటల్లో పెట్టి లెక్క రాబడతారు, మంగళవారం పొద్దున్న నడుస్తూ నాకు చెబుతారు. శుక్రవారం పొద్దున్న సరిచూసే బాధ్యత మా గేటు దగ్గర సెక్యూరిటీ సాయిలుది. జ్వరాలవాళ్ళ కార్లు ఆఫీసు వేళకి కదలవు, మార్నింగ్ షో వేళకి ఒక్కసారిగా కదులుతాయి. పోయినసారి అతనే పరుగున వచ్చాడు. "సార్, పదైనా గాని బండ్లు కదల్లె. ఇగ సూడుండ్రి, సినిమా గట్టిదే ఉన్నట్టుంది" అన్నాడు. గట్టిదే.

ఉమాశ్రీకి ఈమధ్యే తెలిసిపోయింది. "నాన్నా, మా టీము జ్వరాలు మీ వాకింగ్ ట్రాక్ మీద ఎందుకు తిరుగుతున్నాయి?" అని నిలదీసింది. పేర్లు లేవమ్మా, అంకెలే అన్నాను. "మరి మమత నాయనమ్మో?" అంది. నేను బూట్లు తొడుక్కొని వాకింగుకి బయటపడ్డాను. మూడో రోజు తనే వచ్చి, "ఆ గీత వేయడం తప్పు, ఇలా వెయ్యాలి" అని సరిచేసి పోయింది. మన రక్తం కదా.

విశ్వేశ్వరరావు


మండపేట
ఆగస్టు మొదటి వారం

బావగారికి సాష్టాంగ నమస్కారాలు.

పోలీసు సినిమా ఆడింది బావగారూ! హౌస్‌ఫుల్ బోర్డు ఎక్కడుందో వెతకాల్సొచ్చింది. తీరా చూస్తే ఎవరో దాన్ని తిరగేసి దానిమీద ఇస్త్రీ చేసుకుంటున్నారు. సమోసాలు మ్యాట్నీకే అయిపోయాయి. ఉదయ్ భాస్కర్ గారు వచ్చి గేటు దగ్గర జనాన్ని చూసి, టేపు జేబులోంచి తియ్యకుండానే వెళ్ళిపోయాడు. మిమ్మల్ని ఎగతాళి చేసిన నోటితోనే చెబుతున్నాను, మీరు మామూలువారు కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆగస్టు చివరి రెండు శుక్రవారాలు రెండు సినిమాలున్నాయి. ముందు వారం చిన్న సినిమా, పేరు 'అత్తగారి స్కూటీ'. హీరో ఎవరో వాళ్ళమ్మకి తప్ప తెలియదు. తరవాతి వారం పెద్ద హీరో సినిమా. ఆయన పేరు రాయను, అభిమానులు కవరు విప్పి చదివినా చదువుతారు. చిన్నది తీసుకుంటే రెండు వారాలు ఎత్తకూడదని షరతు. అంటే పెద్దది ఎదురు థియేటరుకి పోయినట్టే. పెద్దది కావాలంటే ముందు వారం తెర ఖాళీగా ఉంచుకొని కూర్చోవాలి, అడ్వాన్సు కూడా ఎక్కువే.

ఒక్కటే తెర, ఒక్కటే అవకాశం. ఇది పోతే దసరా దాకా ఆగక్కర్లేదు, బోర్డు అప్పుడే దించుతాను. చెప్పండి బావగారూ, ఏది? మీ జ్వరాల మీదే భారం వేశాను.

మీ
సుబ్రహ్మణ్యం


నల్లగండ్ల
ఆగస్టు, మూడో మంగళవారం
(కూకట్‌పల్లి నించి మండపేట బయల్దేరే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే సినిమా ఎత్తేశాక అందుతుంది.)

సుబ్రహ్మణ్యం!

చిన్నది తీసుకో! కళ్ళు మూసుకొని తీసుకో!

ఇలాంటి సూచీ నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఉమాశ్రీ టీములో మూడొంతులు శుక్రవారం దాకా సెలవు. వాకింగ్ మిత్రుల పిల్లల ఆఫీసుల్లో ఇంకా ఎక్కువ. ఒక ఆఫీసులో మేనేజరే సెలవు పెట్టాడట. నాయనమ్మ పోలేదు కానీ మమత ఏకంగా సోమవారం నించే రావడం లేదు, అంటే టికెట్ల కోసం ఎంత ముందునించి తయారవుతోందో చూడు! కారణాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. జ్వరం, ఒళ్ళునొప్పులు, కీళ్ళు పట్టేయడం, చలి. మామూలుగా 'ఫీవర్' అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవాళ్ళు ఈసారి ఇంత వివరంగా రాశారంటే, ఆ సినిమా మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తోంది.

సాయిలు పొద్దున్నే చెప్పాడు. "సార్, ఇంక మంగళారమే గద! గప్పుడే బండ్లు కదుల్తలెవ్వు. గింత గట్టి సినిమానా సార్? నాకు గూడ ఒక టికెట్ సూడుండ్రి" అన్నాడు.

పెద్ద సినిమాని ఎదురు థియేటరువాడికి దానం చేసెయ్. ఏనుగుని మేపే ఖర్చు వాడే పెట్టుకుంటాడు. మీ అక్కయ్యకి ఇవాళే చెప్పాను, నీ బోర్డుకి ఢోకా లేదని. "మీకు కాస్త ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుందే" అంది. ఉత్సాహం, అంతే.

విశ్వేశ్వరరావు


నల్లగండ్ల
ఆగస్టు, మూడో గురువారం
(ఇది కూడా బస్సులోనే. డ్రైవరు మాస్కు కట్టుకొని కవరు అందుకున్నాడు.)

సుబ్రహ్మణ్యం,

చిన్నది తీసుకోకు. సంతకం పెట్టకు. పెట్టి ఉంటే చింపెయ్.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ జ్వరాలు నిజమైనవి.

నిన్న మధ్యాహ్నం ఉమాశ్రీని ఆఫీసువాళ్ళు క్యాబెక్కించి పంపారు. రాత్రి అల్లుడు శ్యామ్ మంచమెక్కాడు. నేను ఇది థర్మామీటరు నోట్లో పెట్టుకొని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. వానాకాలం విషజ్వరమట. రాయదుర్గం నించి నల్లగండ్ల దాకా ఇంటికొకరు పడ్డారు. వాకింగ్ ట్రాక్ మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. సాయిలుకీ వచ్చింది. ఫోను చేసి, "సార్, సినిమాకు కాదు, దవాఖానకు పోయిండ్రు అందరు" అన్నాడు, దగ్గుతూ.

మోడల్‌లో అన్నీ పెట్టాను. సీజను పెట్టాను, పండగలు పెట్టాను, లుంగీ కూడా పెట్టాను. మనిషికి నిజంగా జ్వరం రావచ్చుననే సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉండదు.

ఈ సంగతి మీ అక్కయ్యకి చెప్పకు. పాపం ఆవిడ ముగ్గురికీ కషాయం కాస్తూ, మధ్యలో 'అత్తగారి స్కూటీ' ఎలా ఆడుతుందో అని అడుగుతోంది. నేను నీ టాకీసు నిలబెడదామనుకున్నాను. ముంచేశానేమోనని భయంగా ఉంది.

బావ


మండపేట
శుక్రవారం సాయంత్రం

గౌరవనీయులైన శ్రీ విశ్వేశ్వరరావు గారికి,

మీ రెండో ఉత్తరం ఇవాళ పొద్దున్న అందింది. అప్పటికే తెరమీద స్కూటీ స్టార్టయింది.

మార్నింగ్ షోకి వచ్చినవాళ్ళు చేతివేళ్ళకి మించలేదు. అందులో ఒకాయన కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చి కూర్చున్నాడు. ఎదురు థియేటరులో పెద్ద హీరో కటౌటుకి అప్పుడే పాలాభిషేకాలు మొదలయ్యాయి. ఆ అభిమానులు నా గేటు ముందు ఆగి, "స్కూటీకి పెట్రోలు పోయించమంటారా?" అని వేళాకోళం చేసి పోయారు. ఉదయ్ భాస్కర్ గారు మ్యాట్నీకి వచ్చి బాల్కనీలో దర్జాగా కూర్చొని, సినిమా నడుస్తుండగానే టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. పెళ్ళి వేదిక ఎక్కడ వస్తుందో చీకట్లోనే నిర్ణయించుకున్నట్టున్నాడు.

మీరు చెప్పారని తీసుకున్నాను. లెక్కలు లెక్కలంటుంటే వినడానికి నాకూ బాగానే ఉండేది. ఇప్పుడు నడివీధిలో నిలబడ్డాను. సోమవారం ఉదయ్ భాస్కర్ గారికి మాట ఇచ్చేస్తున్నాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
వి. సుబ్రహ్మణ్యం


నల్లగండ్ల
ఆదివారం

తమ్ముడూ సుబ్రహ్మణ్యం,

నేను అక్కయ్యని రాస్తున్నాను. మీ బావగారు పడుకున్నారు. కలవరింతల్లో, "శాంపిలు చాలదు, శాంపిలు చాలదు" అంటున్నారు. దిండు కింద నీ ఉత్తరం దొరికింది. "గౌరవనీయులైన శ్రీ" అని రాశావా ఆయనకి? నీకు టెంత్ క్లాసులో లెక్కలు రాకపోతే ఎండాకాలమంతా కూర్చోబెట్టి పాసు చేయించినవాడు నీకు గౌరవనీయులైన శ్రీ అయిపోయాడా?

కోపమొస్తే వచ్చింది, సరే. ఆయన లెక్క తప్పింది, ఒప్పుకుంటాను. అసలు తన ఒళ్ళే వెచ్చబడుతుంటే సినిమా హిట్టనుకున్న మనిషి ఈ భూప్రపంచంలో ఈయనొక్కరే ఉంటారు. కానీ రిటైరయ్యాక మొదటిసారి ఈ రెండు నెలలూ పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నారు తమ్ముడూ. ఎందుకు? నా పేరున్న బోర్డు కోసం.

ఇంకో సంగతి. బావా బావమరుదులిద్దరూ ఉంచాలా దించాలా అని ఇన్నాళ్ళ నించి కాగితాలు నింపుతున్నారే, నాన్న ఆ టాకీసు మనిద్దరికీ చెరిసగం రాశారని ఒక్కరికీ గుర్తు రాలేదా? నా సంతకం లేకుండా ఆ ఉదయ్ భాస్కర్ గోడ కొలుచుకోగలడు కానీ మేకు కూడా కొట్టలేడు. ఉంచమని నేననడం లేదు, దించమనీ అనడం లేదు. చూసి చెబుతాను. అందాకా ఎవరికీ మాట ఇవ్వకు.

పిల్లలకి నయమైంది. నువ్వు కాచి చల్లార్చిన నీళ్ళు తాగు.

మీ అక్కయ్య,
రాజేశ్వరి


మండపేట
సోమవారం

మా బావగారికి,

పైన 'గౌరవనీయులైన' లేదు, చూసుకోండి. అక్కయ్య ఉత్తరం అందింది. చదివి చెంపలేసుకున్నాను.

మీకు ఒక నిజం చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మీ మంగళవారం ఉత్తరం బస్సు దిగేసరికే నేను చిన్న సినిమాకి సంతకం పెట్టేసి ఒక రోజైంది. పెద్ద సినిమా అడ్వాన్సు కట్టే స్తోమత నాకెక్కడిది బావగారూ? వాళ్ళు అడిగింది విని గుమ్మంలోంచే వెనక్కొచ్చాను. ఆ మాట మీకు రాయడానికి నామోషీ వేసింది. మీ ఉత్తరం వచ్చాక, నేను గతిలేక చేసిన పనికి లెక్కల అండ కూడా దొరికిందని సంబరపడ్డాను. తీరా ఖాళీ కుర్చీలు చూసేసరికి నెపం మీమీదకి నెట్టేశాను. మీ మోడల్ నన్ను ముంచలేదు. నన్ను క్షమించండి.

ఇక మ్యాట్నీ సంగతి సగమే రాశాను, మిగతా సగం ఇప్పుడు వినండి. ఉదయ్ భాస్కర్ గారు బాల్కనీలో కొలుస్తున్నాడన్నాను కదా. సినిమాలో అత్తగారు స్కూటీ నేర్చుకుంటూ కోడలి మీటింగులోకి దూసుకొచ్చే ఘట్టం వచ్చింది. పైనించి ఏదో శబ్దం. కుర్చీ విరిగిందనుకొని పరిగెత్తాను. ఆయన నవ్వుతున్నాడు! టేపు జారి బాల్కనీ మీంచి కిందకి వేలాడుతోంది, ఈయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫస్ట్ షోకి భార్యనీ అత్తగారినీ తీసుకొచ్చాడు. శనివారం తన వంటవాళ్ళని, సర్వర్లని, షామియానా కుర్రాళ్ళని రెండు వ్యాన్లలో దింపాడు. "ఆయ్, మా అత్తగారు అచ్చం అంతేనండి" అని కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆదివారం మ్యాట్నీకి బాల్కనీ నిండింది.

బ్రహ్మాండమేమీ కాదు బావగారూ. నష్టం తప్పింది, సమోసాలు చెల్లాయి, అంతే. కానీ ఉదయ్ భాస్కర్ గారు నిన్న వచ్చి వేరే మాట చెప్పాడు. ఆషాఢంలో, శూన్యమాసంలో పెళ్ళిళ్ళుండవు, హాలు తాళం వేసుకోవాల్సిందే కదా, టాకీసు జోలికెందుకు, పక్కన సైకిల్ స్టాండు జాగా ఇస్తే అందులో చిన్న హాలు వేసుకుంటానంటున్నాడు. భోజనాలకొచ్చినవాళ్ళు సినిమాకొస్తారు, సినిమాకొచ్చినవాళ్ళు భోజనాలకెళ్ళకుండా చూసుకోవాలట.

ఇప్పటిదాకా ఇంతే. ఈ శుక్రవారం ఎదురుగా పెద్ద హీరో దిగుతున్నాడు. ఆ రోజు నా తెర ముందు పదిమందైనా కూర్చుంటే ఈ పాత కుర్చీలకి ధైర్యం వస్తుంది. అక్కయ్య సంతకం సంగతి ఆవిడ ఇష్టం. నేనైతే బోర్డు ట్యూబ్‌లైట్లు మార్పించాను.

మీ
సుబ్రహ్మణ్యం


నల్లగండ్ల
ఆగస్టు, చివరి మంగళవారం
(బస్సులో)

చిరంజీవి సుబ్రహ్మణ్యానికి బావ ఆశీస్సులు.

జ్వరం తగ్గింది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అడ్వాన్సు సంగతి ముందే చెబితే నేనేమైనా అనేవాణ్ణా? అనేవాణ్ణిలే. ఫోనులో అయితే ఇంకా గట్టిగా అనేవాణ్ణి. పోనీ, నేను కూడా మోడల్ తప్పిందని రాయడానికి థర్మామీటరు నోట్లోకి వచ్చేదాకా ఆగాను కదా. చెల్లుకు చెల్లు.

ఉమాశ్రీ మోడల్‌కి కొత్త వరస ఒకటి కలిపింది. మంగళవారం నాడే శుక్రవారం రాబోయే జ్వరం గురించి చెబితే సినిమా, ఇవాళ ఉన్న జ్వరం గురించి చెబితే డాక్టరు. ఇంత చిన్న తేడాకి ఒక టాకీసు మునగబోయింది. ఉదయ్ భాస్కర్ గారి నవ్వుని ఏ వరసలో పెట్టాలో మాత్రం ఇద్దరికీ తెలియలేదు. ఖాళీగా వదిలేశాం.

మీ అక్కయ్య నీకు చెప్పమన్నది ఇది. సైకిల్ స్టాండు వరకే ఆవిడ సంతకం. టాకీసు గోడ మీద టేపు పెడితే ఊరుకోదట. పెన్ను తన చేతిసంచిలో పెట్టుకొంది, నాకివ్వదట. చూసి చెబుతానన్న మనిషి చూడకుండానే చెప్పేసింది. ఆ సంగతి అంటే, "బోర్డు వెలుగుతోందిగా, ఇంక చూసేదేముంది" అని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇక ఈ శుక్రవారం సూచీ.

హైటెక్ సిటీ అంతా పెద్ద హీరో జ్వరంతో మూలుగుతోంది. మమత నాయనమ్మ నాలుగోసారి పోయింది. అది ఎదురు థియేటరువాడికి శుభవార్త, వాడినీ బతకనీ.

మా ఇంటి లెక్క వేరు. ఇందాక భోజనాల దగ్గర ఉమాశ్రీ ఫోను తీసి, వాళ్ళ మేనేజరుకి సెలవు పెట్టింది. ఏం రాశావమ్మా అన్నాను. చూపించింది. శుక్రవారం తనకి తీవ్రమైన జ్వరం, మండపేటలో. అల్లుడికీ అదే. నాకు, మీ అక్కయ్యకి ఆఫీసులు లేవు కానీ లక్షణాలు కనిపిస్తున్నాయి. వాకింగ్ మిత్రులు నలుగురూ దంపతులతో సహా మాకూ ఉందన్నారు, చిన్న బస్సు మాట్లాడాం. సాయిలు కిరాయి సంగతి అడగకుండానే ముందు సీటులో రుమాలు వేసేశాడు. "పోయినసారి టికెట్ అన్నరు, దవాఖాన సూపిచ్చిండ్రు. ఈసారి ఇడువను సార్" అన్నాడు.

ఇంతమందిని అడిగితే ఇంతమందికీ జ్వరమే. గణాంక శాఖలో ఉద్యోగం మొదలుపెట్టిన నాటి నించి ఇవాళ్టిదాకా నూటికి నూరు ఎప్పుడూ చూడలేదు. ఈసారి లెక్క తప్పదు. బాల్కనీ మొదటి వరస ఉంచు, మీ అక్కయ్యకి మధ్య కుర్చీ. అది కుయ్యోమన్నా సరే.

బావ